మోకాటిలోని నెలవంకలు

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమన్న సామెతను మనం ఎందరిమీద ప్రయోగించామో లెక్కలేదు. మందబుద్ధిని చూస్తే మెదడు మోకాల్లో ఉన్నదంటాము. ఆజానుబాహువని ఒకరిని పొగిడినప్పుడు కూడ ఆ గౌరవమంతా బాహువులకే. పాపం, జానువు కేవలం కొలబద్ద. కన్నులకు కలువలను, పాదాలకు పద్మాలను వెదకి తెచ్చిన మన కవులు నడుమనున్న ఈ కీలును చాలవరకు చూడకుండానే దాటిపోయారు. తిరుమల కాలిబాటలో నిట్టనిలువు మెట్లున్న చోటికి మాత్రం భక్తులు దాని పేరే పెట్టారు, మోకాళ్ల పర్వతమని. ఎక్కినవారికే విలువ తెలిసిందన్నమాట.

మిత్రులారా, ఆ మోకాటిలో రెండు చిన్న నెలవంకలున్నాయి. వైద్యులు వాటిని మొట్టమొదట కుట్టారు. ఆ తరువాత పనికిమాలినవని కోసి పారవేశారు. దాదాపు ఒక శతాబ్దం గడిచాక మళ్లీ కుట్టడం నేర్చుకొన్నారు. ఈ మూడు మాటల చరిత్రను కొంచెం విస్తరించి చెప్పడమే ఈ వ్యాసోద్దేశం. ఇది నాకు పుస్తకవిషయం మాత్రమే కాదు. నా కుడి మోకాటిలోని ఒక నెలవంక 1981 నుండి లేదు.

ముందుగా మాటల సంగతి. పండితశిక్షణ పొందినవాడిని కనుక ఈ చాపల్యాన్ని మన్నించాలి. మోకాలు అచ్చతెలుగు పదం. మోచేయి దానికి తోబుట్టువు. తమిళులు ముళంగాల్, ముళంగై అంటారు. కన్నడిగులు మొణకాలు, మొణకై అంటారు. మోచేతి నుండి వేలికొన దాకా కొలిచే మన మూర కూడ ఈ కుటుంబంలోనిదే. సంస్కృతంలో జాను, గ్రీకులో గోను, లాటినులో గెను; ఇవి మరొక కుటుంబపు అక్కచెల్లెళ్లు. వైద్యులు నెలవంకకు పెట్టుకొన్న మెనిస్కస్ అన్న పేరు గ్రీకు నుండి వచ్చింది, అర్థం చిన్న చంద్రుడని. కాబట్టి నెలవంక అని మనం పిలుచుకొంటే అనువాదదోషమేమీ రాదు.

సుశ్రుతుడు శారీరస్థానంలో సంధులను ఎనిమిది విధాలుగా విభజించి, వ్రేళ్లు, మణికట్టు, చీలమండ, మోచేయి, వీటితోపాటు మోకాటిని కోరసంధులలో చేర్చాడు. నూటయేడు మర్మస్థానాలలో జానుమర్మం ఒకటి. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోదు, కుంటితనం వస్తుందని చెప్పి దానిని వైకల్యకరమర్మాలలో ఉంచాడు. వాచిన మోకాటి వ్యాధి ఒకదానికి క్రోష్టుకశీర్షమని పేరు, అంటే నక్కతల. వాచిన మోకాటిని ప్రక్కనుండి చూచినవారెవరూ ఆ ఉపమానాన్ని కాదనలేరు. వీటన్నిటికంటె నాకు నచ్చినది మరొకటి ఉన్నది. నూనె పూసిన ఇరుసుమీద చక్రం ఎలా సాఫీగా తిరుగుతుందో, శ్లేష్మం చేత అంటి ఉన్న కీళ్లు అలా సాఫీగా కదులుతాయని ఆయన అన్నాడు.

ఈ పోలికను గుంటూరు సీమవారికి విడమరచి చెప్పనక్కరలేదు. మిరపకాయల బస్తాలు, పత్తి బోరాలు ఎడ్లబండ్లమీద సాగిన కాలంలో కందెన వేయనిదే బండి కదిలేది కాదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమన్న సామెత ఆ అనుభవంలోనుండి పుట్టినదే. మెట్లు దిగేటప్పుడు నా మోకాలు ఆలపించే రాగం విన్నప్పుడల్లా ఆ సామెతను తలచుకొంటాను.

ఇక ఆధునికుల శారీరశాస్త్రం. మోకాటిలో మృదులాస్థి రెండు రకాలుగా ఉన్నది. తొడయెముక చివరా, కాలియెముక పైభాగానా, చిప్ప వెనుకా నున్నగా పరచినట్లుండే పూత ఒకటి. దాని మందం రెండు నుండి నాలుగు మిల్లీమీటర్లు. అందులో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరాలు లేవు కనుక అరుగుదల మొదలైన తొలినాళ్లలో నొప్పి తెలియదు. రక్తం లేదు కనుక చిరిగితే మానదు. దానికి ఆహారం కీలులోని ద్రవం నుండి అందుతుంది. అడుగు పడ్డప్పుడు నొక్కుకొని, అడుగు లేచినప్పుడు ఆ ద్రవాన్ని పీల్చుకొంటుంది. అనగా నడకే దానికి భోజనం. లండన్‌లో విలియం హంటర్ అనే శారీరవేత్త 1743లోనే ఈ మృదులాస్థి ఒకసారి చెడితే తిరిగి బాగుపడదన్న భావాన్ని వ్రాసిపెట్టాడు.

రెండవ రకమే మన నెలవంకలు. తొడయెముక చివర గుండ్రన, కాలియెముక పైభాగం దాదాపు చదును. గుండ్రని దానిని చదునైన దానిమీద నిలబెడితే బరువంతా ఒక్క బిందువుమీద పడుతుంది. కడవ క్రింద చుట్టకుదురు పెట్టినట్లు, ఆ రెంటి నడుమ లోపలివైపున ఒకటి, వెలుపలివైపున ఒకటి ఈ నెలవంకలు అమరి ఉంటాయి. కాలు చాచి ఉన్నప్పుడు మోకాటిపై పడే భారంలో సుమారు సగాన్ని, తొంభై డిగ్రీలు మడిచినప్పుడు సుమారు ఎనభైయైదు శాతాన్ని ఇవే మోస్తాయని 1970, 80 దశకాలలో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. వెలుపలి అంచుకు మాత్రమే రక్తం అందుతుంది, లోపలి అంచుకు అందదు. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొంటే తక్కిన చరిత్రంతా సులభంగా అర్థమవుతుంది.

1883 నవంబరులో ఎడింబరోలో థామస్ అన్నండేల్ అనే శస్త్రవైద్యుని వద్దకు ఒక గని కార్మికుడు వచ్చాడు. గనులలో మోకాళ్లమీద వంగి పనిచేసేవారికి ఈ గాయం సాధారణం. అన్నండేల్ కీలును తెరచి చూస్తే, లోపలి నెలవంక ముందుభాగం ఊడి వెనుకకు జారి ఉన్నది. దానిని యథాస్థానానికి లాగి దారంతో కుట్టాడు. కార్మికుడు తిరిగి పనిలోకి పోయాడు. 1885లో ఆ వృత్తాంతం ప్రచురితమైంది. అంటే నెలవంకపై జరిగిన తొలినాటి ప్రసిద్ధ శస్త్రచికిత్స కోత కాదు, కుట్టు.

అయితే ఆ మార్గంలో ఎక్కువమంది నడవలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో బ్లాండ్ సట్టన్ అనే ప్రముఖుడు, ఈ నెలవంకలు ఏనాటివో కాలికండరాల అవశేషాలనీ, వాటికి ఏ పనీ లేదనీ వ్రాశాడు. పని లేని దానిని కుట్టడమెందుకు, తీసివేస్తే పోలేదా అన్నది దాని తాత్పర్యం. ఇరవయ్యవ శతాబ్ది మధ్యలో లివర్‌పూల్‌లో మక్‌మరీ, స్కాట్లండ్‌లో స్మైలీ వంటి పేరుమోసిన ఎముకల వైద్యులు, చిరిగిన నెలవంకను కొంత తీసి కొంత ఉంచడం కూడదని, మొత్తంగా తీసివేయాలని బోధించారు. స్మైలీ గ్రంథం 1946లో వచ్చి, మోకాటి గాయాల విషయంలో తరాల వైద్యులకు పాఠ్యగ్రంథమైంది. పూర్తిగా తీస్తే ఆ స్థానంలో కొత్తది మొలుస్తుందన్న నమ్మకం కూడ ఆ బోధలో ఉన్నది. మొలిచేది నెలవంకను పోలిన పలుచని మచ్చపొర మాత్రమే, బరువు మోసే నెలవంక కాదు.

ఆ బోధ నా దాకా ఎలా వచ్చిందో చెబుతాను. 1981లో నేను భాషాప్రవీణ విద్యార్థిని. సంక్రాంతికి ఊరికి వచ్చి చెడుగుడాడుతూ, కాలు నేలకు తన్నిపట్టి ఒళ్లు తిప్పాను. లోపల ఏదో పుటుక్కుమన్నది. ఆ తరువాత మోకాలు సగం మడత దగ్గర పట్టివేసి చాపడానికి రాకపోయింది. కొన్నాళ్లు నాటువైద్యం నడిచాక ఒక పట్టణపు ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికి ఎమ్మారై లేదు, ఎక్స్‌రేలో నెలవంక కనబడదు. వైద్యుడు చేతితో తిప్పి చూచి నిర్ణయించి, మోకాటి ప్రక్కన గాటు పెట్టి దానిని తీశాడు. మరునాడు చిన్న గాజుసీసాలో చూపించాడు. పచ్చికొబ్బరి చెక్క అంచు విరిగినట్లున్నది, తెల్లగా, వంపుగా. ఇది లేకపోయినా నీకు నష్టం లేదోయ్, వచ్చే పండుగకు మళ్లీ ఆడవచ్చునని ధైర్యం చెప్పాడు.

ఆయన చెప్పినట్లే జరిగింది. మరుసటి సంక్రాంతికి ఆడాను. ముప్ఫైయేళ్లకు పైగా తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పాను. ఉండవల్లి గుహల మెట్లెక్కి పిల్లలకు అనంతశయనుణ్ణి చూపించాను. ఆ వైద్యుడు తాను చదువుకొన్న గ్రంథం చెప్పిన పనిని నేర్పుతో చేశాడు. ఏడాది తరువాత నన్ను చూచి ఉంటే తన పని ఫలించిందనే అనుకొనేవాడు. ఇందులోనే ఈ చరిత్రకు కీలకమున్నది. నెలవంక తీసిన మోకాలు ఏడాదికి బాగుంటుంది, ఐదేళ్లకూ బాగుంటుంది. దాని పద్దు ఇరవైయేళ్లకు వస్తుంది. నాకు నలభైయెనిమిదో యేట వచ్చింది.

ఆ పద్దును ముందుగా చదివినవారు లేకపోలేదు. 1936లో డాన్ కింగ్ అనే అమెరికా వైద్యుడు కుక్కలపై ప్రయోగాలు చేసి రెండు విషయాలు ప్రకటించాడు. చీలిక వెలుపలి అంచుదాకా సాగితే నెలవంక తనంతట తాను మానగలదు. మొత్తంగా తీసివేస్తే దాని క్రింది మృదులాస్థి పూత చెడుతుంది. 1948లో ఇంగ్లండులో ఫెయిర్‌బ్యాంక్ అనే వైద్యుడు, నెలవంక తీయించుకొన్నవారి ఎక్స్‌రేలను పరిశీలించాడు. ఎముక అంచున గట్టు లేవడం, గుండ్రని తొడయెముక చివర చదునుకావడం, ఎముకల నడుమ సందు తరగడం అనే మూడు లక్షణాలను గుర్తించి, ఈ శస్త్రచికిత్స పూర్తిగా నిరపాయకరమేమీ కాదని మర్యాదగా హెచ్చరించాడు. మర్యాదగా చెప్పిన హెచ్చరికలకు పట్టే గతే దానికీ పట్టింది. స్మైలీ గ్రంథం కొత్త ముద్రణలు పొందుతూనే ఉన్నది, మా బోటివారి నెలవంకలు సీసాలలోకి చేరుతూనే ఉన్నాయి.

సందేహానికి తావులేని లెక్క స్వీడన్ నుండి వచ్చింది. 1973లో నెలవంకను పూర్తిగా తీయించుకొన్న 107 మందిని, ఇరవయ్యొక్కేళ్ల తరువాత లుండ్ విశ్వవిద్యాలయంవారు తిరిగి పిలిచి పరీక్షించి, 1998లో ఫలితాన్ని ప్రకటించారు. వారిలో 48 శాతం మందికి ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల స్పష్టంగా కనబడింది. అదే వయస్సువారై శస్త్రచికిత్స ఎరుగనివారిలో అది 7 శాతం. ఆ పట్టికను చదివినప్పుడు నా ఎక్స్‌రేను ఎవరో అచ్చువేసినట్లనిపించింది. అయితే ఆ లెక్కను రెండవవైపు నుండి కూడ చదవాలి. సగంమందికి పైగా అంతటి అరుగుదల లేకుండానే ఇరవయ్యొక్కేళ్లు గడిపారు. నెలవంక పోయినంత మాత్రాన నుదుటి వ్రాత ముగియలేదన్నమాట.

ఈ కథ మలుపు తిరిగినది జపానులో. అక్కడివారు మనవలెనే నేలమీద కూర్చొనే జనం. మోకాలు బిగిసిపోయినవాడు కుర్చీల దేశంలో కొంత ఇబ్బంది పడతాడు. చాపల దేశంలో పంక్తిభోజనానికే దూరమవుతాడు. క్షయ సోకి బిగిసే మోకాళ్లను ముందుగా కనిపెట్టాలని టోక్యోలో కెంజి తకాగి 1918లో, మూత్రాశయాన్ని చూచే గొట్టాన్ని ఒక మృతదేహపు మోకాటిలోకి పంపి లోపల చూచాడు. ఆయన శిష్యుడు మసాకి వతనబె ఆ పనిముట్టును మెరుగుపరచి, 1962లో సన్నని రంధ్రాల గుండా నెలవంకలో చిరిగిన భాగాన్ని మాత్రమే తీసివేశాడు. మనవారు నేడు ఆర్థ్రోస్కోపీ అంటున్నది ఇదే. 1969లో ఆయన శిష్యవర్గానికే చెందిన ఇకెఉచి అదే మార్గాన చిరిగినదానిని కుట్టాడు. అన్నండేల్ విడిచిన దారాన్ని ఎనభైయారేళ్లకు మరొక ఖండంలో అందుకొన్నట్లయింది. 1980ల నుండి ప్రపంచమంతటా సిద్ధాంతం తారుమారైంది. తీయవలసివస్తే తక్కువ తీయి, కుట్టగలిగితే కుట్టు, తాకనవసరం లేకుంటే తాకకు.

మన ప్రాంతానికి వస్తాను. మోకాటి గాయమనగానే తెలుగువారికి మొదట తలపుకు రావలసిన పేరు పుల్లెల గోపీచంద్. ఆయన 1973 నవంబరు 16న నాగండ్లలో జన్మించారు. అది అప్పటి ప్రకాశం జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. మా పత్తిచేల సీమే. 1994లో పూణేలో జరిగిన జాతీయ క్రీడలలో జంటల ఆట ఆడుతూ మోకాటి లిగమెంటు తెంపుకొన్నారు. పలుమార్లు శస్త్రచికిత్స జరిగింది. ఆ మోకాటితోనే 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ విజేత అయ్యారు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండు పోటీల సెమీఫైనల్లో పీటర్ గేడ్‌నూ, ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌నూ ఓడించి, 1980లో ప్రకాశ్ పడుకోన్ తరువాత ఆ బిరుదు గెలిచిన రెండవ భారతీయుడయ్యారు. ఆయనది ప్రధానంగా లిగమెంటు గాయం. నెలవంక గాయానికి అది సోదరి. రెండూ తరచుగా ఒకే మెలికలో జరుగుతాయి, రెండింటికీ దీర్ఘకాలికమైన పద్దు ఒకే తీరుగా వస్తుంది. గాయపడిన మోకాలు శిఖరాన్ని ఎక్కించగలదు, అయితే అక్కడ ఎక్కువకాలం ఉండనీయదు. 2008లో హైదరాబాదులో తన అకాడమీని ప్రారంభించి ఆయన మిగిలిన శిఖరాలను శిష్యుల కాళ్లతో ఎక్కారు.

ఆ శిష్యులలో అగ్రగణ్యురాలు సైనా నెహ్వాల్. పుట్టినది హర్యానాలోనైనా పెరిగినదీ ఆట నేర్చినదీ హైదరాబాదులో. 2012లో లండన్ ఒలింపిక్ కాంస్యం, 2015లో ప్రపంచ ప్రథమస్థానం. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ తరువాత కుడి మోకాటికి శస్త్రచికిత్స జరిగింది. మరుసటి ఏడాది ప్రపంచ పోటీలలో కాంస్యం, 2018లో కామన్వెల్తు క్రీడల స్వర్ణం గెలిచి ఆమె తిరిగివచ్చిన తీరు చూచి అందరం చప్పట్లు కొట్టాము. 2024లో ఆమే స్వయంగా, తన మోకాటి మృదులాస్థి బాగా చెడిందనీ, కీళ్ల అరుగుదల వచ్చిందనీ, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటల సాధన ఆ మోకాలికి సాధ్యం కావడం లేదనీ చెప్పారు. అప్పటికి ఆమె వయస్సు ముప్ఫైనాలుగు. పతకాల వార్త మొదటిపుటలో వచ్చింది, మోకాటి వార్త లోపలిపుటలో వచ్చింది. మోకాటి చరిత్రకు ఈ రెండు వార్తలూ ఒకే వార్త.

మృదులాస్థి పూతను తిరిగి మొలిపించే ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. 1959లో ప్రిడీ అనే బ్రిటిష్ వైద్యుడు క్రింది ఎముకకు రంధ్రాలు పెట్టి రక్తాన్ని పైకి రప్పించాడు. 1980లలో అమెరికాలో స్టెడ్‌మన్ అదే సూత్రాన్ని సూక్ష్మరంధ్రాలతో అమలుపరచాడు. మొలిచినది అసలు పూత కాదు, కొంత గరుకైన అతుకు. కొన్నేళ్లు పనిచేసి సడలుతుంది. రోగి మృదులాస్థి కణాలనే తీసి, బయట పెంచి, తిరిగి నాటిన ఫలితాలను 1994లో స్వీడన్‌వారు ప్రకటించారు. చిన్న గుంట పడిన యువకుల మోకాళ్లకు అది ఉపకరించింది. చేను మొత్తం బీటలు వారినప్పుడు అది పనికిరాదు. అటువంటి మోకాటికి చివరి మార్గం కీలు మార్పిడి. దానిని మనవారు చిప్పలు మార్చడమంటారు గాని, వాస్తవానికి మార్చేది ఎముకల చివరలకు తొడిగే కవచాలను.

మరొక చరిత్ర కూడ చెప్పకపోతే ఇది అర్ధసత్యమవుతుంది. కుర్రవాని మోకాలు ఆటలో చిరగడం వేరు, అరవయ్యేళ్ల మోకాటిలో నెలవంక నలిగి పోగులు విడవడం వేరు. రెండవదానికి కూడ రంధ్రం పెట్టి కత్తిరించడం ఒకకాలంలో ఆనవాయితీ అయింది. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ వైద్యులు 180 మందిని తీసుకొని, కొందరికి అరిగిన మోకాటిలో నిజమైన శస్త్రచికిత్స, కొందరికి చర్మంపై గాట్లు మాత్రమే పెట్టి చూచారు. రెండేళ్లకు ఉభయుల నొప్పిలో తేడా లేదు. 2013లో ఫిన్లండువారు అరుగుదల వల్ల నెలవంక చిరిగిన 146 మందిపై ఇదే విధంగా పరీక్షించి ఇదే ఫలితం చూచారు. కాబట్టి నా వయస్సువారు ఎమ్మారై కాగితంలో చిరిగినదన్న మాట కనబడగానే హడలిపోనక్కరలేదు. ముందు కొన్ని నెలలు కండరానికి పని చెప్పి, అప్పటికీ మోకాలు పట్టివేస్తుంటే అప్పుడు కత్తి మాట తలపెట్టవచ్చును.

కండరమని ఎందుకంటున్నానంటే, నెలవంక పోయిన మోకాటికి మిగిలిన ఆధారం తొడకండరమే. గాయం తరువాత అదే మొదట కృశిస్తుంది. నడిచేటప్పుడు మోకాటిపై పడేది మన బరువుకు రెండు మూడింతలు. స్థూలకాయులైన వృద్ధులను పరిశీలించిన ఒక అమెరికా బృందం, శరీరంలో ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాటిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ప్రకటించింది. ఇంతకంటె లాభసాటి వడ్డీని ఏ బ్యాంకూ ఇవ్వదు.

నా మోకాలికి వ్యాయామం నేర్పిన అమ్మాయి మొదటిరోజే నన్ను గోడకు వీపు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడమన్నది. నవ్వాగలేదు. ముప్ఫైయేళ్లు బడిలో గోడకుర్చీ అని మేము దండనగా వేయించినది ఇదే! అల్లరిపిల్లల తొడకండరాలు మా చలువ వల్ల ఎంత బలపడి ఉంటాయో గదా. గుంజీలు మాత్రం వద్దన్నది. పూర్తిగా గొంతుక్కూర్చొన్నప్పుడు నెలవంక వెనుకభాగం బాగా నలుగుతుంది. గోడకుర్చీ, కుర్చీలో కూర్చొని కాలు చాచి నిలపడం, కృష్ణ కరకట్టమీద చదునైన దారిలో నడక, సైకిలు. బాసింపట్టు మానివేశాను, భోజనం బల్లమీదనే. పదిహేనేళ్లుగా ఈ నియమంతో నా మోకాలు నన్ను మోస్తున్నది. మార్పిడి మాట వైద్యుడు రెండుసార్లు ఎత్తాడు. ఇప్పటికి అక్కరలేదని తానే మానుకొన్నాడు.

ఇక్కడ మన సీమను గురించి ఒక మాట. మిరపకోతకు, పత్తితీతకు పోయే ఆడవారు రోజంతా వంగి, గొంతుక్కూర్చొని, లేచి, మళ్లీ వంగుతారు. యార్డులో హమాలీలు బస్తా వీపున వేసుకొని అడుగు మెలిదిప్పుతారు. గని కార్మికునికి అన్నండేల్ దొరికాడు. వీరి మోకాలు పట్టివేస్తే గుజ్జు అరిగిందన్న ఒక్కమాటతో సరిపెట్టి, నొప్పిబిళ్లలు మ్రింగి మరునాడు మళ్లీ పనికి పోతారు. చిరిగినది అంచునా లోపలా అని చూచేవారు లేరు, చూపించుకొనే తీరిక వారికి లేదు. కూలి పోతుందన్న భయం ముందు ఇరవైయేళ్ల తరువాతి పద్దు ఎవరికి కనబడుతుంది? క్రీడాకారుల మోకాళ్లకు దొరికిన శాస్త్రం కూలివారి మోకాళ్లకు దొరికిన రోజున ఈ చరిత్ర పూర్తవుతుంది.

ఈ వ్యాసం వ్రాయడానికి ఒక కారణమున్నది. గత వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చాడు. అతని కుమారునికి పదిహేడేళ్లు, షటిల్ ఆటగాడు. నెలవంక వెలుపలి అంచున నిలువుగా చీలింది. కత్తిరిస్తే కొద్ది వారాలలో ఆడవచ్చు, కుడితే ఆరు వారాలు చేతికర్రలు, అయిదారు నెలలు ఆట బందు, కుట్టినవాటిలో నాలుగైదింట ఒకటి మళ్లీ చిరగవచ్చు కూడ అని వైద్యుడు ఉన్నదున్నట్లు చెప్పాడట. రెండు నెలలలో రాష్ట్ర జట్టు ఎంపికలు. ఏంచేయమంటారు మాస్టారూ అన్నాడు తండ్రి. వైద్యసలహా ఇవ్వడానికి నేనెవరిని? పైన వ్రాసిన చరిత్రంతా చెప్పి, నా ప్యాంటు మడిచి రెండు మోకాళ్లనూ ప్రక్కప్రక్కన చూపించాను. ఎడమది తిన్నగా ఉన్నది, కుడిది విల్లులా లోపలికి వంగి ఉన్నది. కుర్రవాడు చాలసేపు చూచాడు. తండ్రికంటె ముందు వాడే నోరు తెరచి, కుట్టించుకొంటానన్నాడు.

కుట్టించుకొన్నాడు. ఎంపికలు పోయాయి. ఇటీవలే మెల్లగా ఆట మొదలుపెట్టాడు. మోకాలు బాగున్నదని తండ్రి సంతోషిస్తున్నాడు, నేనూ సంతోషిస్తున్నాను. కాని ఏడాదికి బాగుండడం పరీక్ష కాదని ఈ వ్యాసం చదివినవారికి తెలుసు. వాని మోకాటికి అసలు పరీక్ష 2045 ప్రాంతంలో. అప్పటికి వాడు తన పిల్లలతో షటిల్ ఆడుతూ ఉండాలని నా కోరిక. ఈలోగా రోజూ గోడకుర్చీ వేయమని చెప్పాను. ఈసారి అది దండన కాదు.